పెద్ద నిర్మాణాలన్నింటికీ డిజిటల్ ట్విన్‌ను తప్పనిసరి చేయాలా?

డిజైన్ ఇంజనీరు (చర్చ ప్రారంభం):
బ్రిటన్ ప్రభుత్వం 2016 నుంచి తన కేంద్ర ప్రాజెక్టులకు బిమ్ నమూనాలను, అంటే కట్టడం వివరాలన్నీ ఉన్న త్రీడీ కంప్యూటర్ నమూనాలను, తప్పనిసరి చేసింది. ఇప్పుడు మరో అడుగు వేసి, పెద్ద వంతెనలకూ ఆసుపత్రులకూ ఎత్తైన భవనాలకూ డిజిటల్ ట్విన్ ఉండాలన్న షరతును టెండరులోనే పెట్టాలని నా వాదన. ట్విన్ అంటే త్రీడీ బొమ్మ మాత్రమే కాదు, కట్టడంలోని సెన్సార్ల కొలతలతో ఎప్పటికప్పుడు తాజా అయ్యే నమూనా. ఇటలీలోని జెనోవాలో 2018లో మొరాండీ వంతెన కూలి 43 మంది చనిపోయారు. దాని స్థానంలో 2020లో ప్రారంభించిన వంతెనకు సెన్సార్లనూ తనిఖీ రోబోలనూ అమర్చారు. ఆ జాగ్రత్త ముందే ఎందుకు ఉండకూడదు?

సైట్ ఇంజనీరు:
జెనోవా ఉదాహరణ మీ వాదనను బలపరచదని నా అభిప్రాయం. ఆ వంతెన కేబుళ్లకు కాంక్రీటు తొడుగు ఉండడం వల్ల లోపలి ఉక్కుకు పట్టిన తుప్పు పైకి కనిపించేది కాదన్నది నిజమే. అయితే తుప్పు గురించి డిజైనరు రికార్డో మొరాండీయే 1979లో హెచ్చరించారు, ఒక టవరు కేబుళ్లను 1990లలో బలపరిచారు కూడా. కూలినది అలా బలపరచని టవరు. హెచ్చరిక అందాక ఎవరు, ఎన్నాళ్లలో నిర్ణయం తీసుకోవాలో రాసిపెట్టకపోతే సెన్సారు పంపే హెచ్చరిక కూడా ఫైళ్లలోనే మిగిలిపోతుంది.

సైట్‌లో ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడే చోటు ఉంది. స్లాబ్ పోసేటప్పుడు లోపల ఉష్ణోగ్రత సెన్సార్లు పెడితే, ఆ కాంక్రీటు మిశ్రమానికి ఉష్ణోగ్రతనూ సమయాన్నీ బట్టి బలం ఎలా పెరుగుతుందో చూపుతూ ప్రయోగశాలలో ముందే గీసుకున్న వక్రరేఖతో పోల్చి, ఏ గంటకు ఎంత బలం వచ్చిందో అంచనా వేయవచ్చు. పరీక్ష కోసం అదే కాంక్రీటుతో పోసి నీళ్లతొట్టిలో నానబెట్టిన క్యూబుకు వచ్చిన బలం, చలిగాలిలో రాత్రంతా ఉన్న స్లాబ్‌కు వచ్చి ఉండకపోవచ్చు. సెంట్రింగు విప్పే సమయం ప్రాణాలకు సంబంధించినది కాబట్టి దీనిని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

మొత్తం భవనం విషయం వేరు. పైపు దారిలో బీము అడ్డొస్తే వాల్వును పక్కకు జరిపి ఫాల్స్ సీలింగ్ మూసేస్తారు, నమూనాలో మాత్రం అది పాతచోటే ఉంటుంది. నీళ్లు కారుతున్న రాత్రి ఆ నమూనాను నమ్మి సీలింగ్ కోసినవారికి వాల్వు దొరకదు. మూసే ముందు లేజర్ స్కాన్ చేసి, మార్పును నమూనాలోకి ఎక్కించాకే బిల్లు చెల్లించాలన్న షరతు ముందు రావాలి.

భవన నిర్వహణ ఇంజనీరు:
నేనూ అదే కోరుతున్నాను. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ నివాస భవనంలో జరిగిన అగ్నిప్రమాదం తరువాత వచ్చిన 2022 నాటి బ్రిటన్ భవన భద్రతా చట్టం కూడా ఎత్తైన నివాస భవనాలకు ట్విన్‌ను కోరలేదు, భద్రతా సమాచారాన్ని డిజిటల్ రూపంలో సరిగ్గా, తాజాగా ఉంచమని కోరింది. నమూనాను ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఐఎఫ్‌సీ వంటి బహిరంగ ఫార్మాట్‌లో యజమానికి అప్పగించకపోతే, సాఫ్ట్‌వేర్ లైసెన్సు ముగిసిన నాడు మా చేతిలో ఏమీ మిగలదు.

డిజైన్ ఇంజనీరు:
భవనాల విషయంలో మీ షరతులు ముందు రావాలని ఒప్పుకుంటున్నాను. వంతెనల విషయంలో ఒప్పుకోలేను. కాంక్రీటు లోపల ఉండవలసిన సెన్సార్లను పోసేటప్పుడే పెట్టాలి, తరువాత ఆ అవకాశం రాదు.

సైట్ ఇంజనీరు:
పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ వంద సంవత్సరాల కోసం కట్టే వంతెనలో సెన్సార్లు అంతకాలం పనిచేయవు. అవి ఆగిపోయాక కొలతలు ఎలా కొనసాగుతాయో, ఖర్చు ఎవరు భరిస్తారో అదే టెండరులో ఉండాలి.