1,440 బస్తాల సిమెంటు ఒకేసారి దింపించుకోవచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో జీ+2 (గ్రౌండ్ ఫ్లోరు, పైన రెండంతస్తులు) కడుతున్నాం, అంతస్తుకు 1,200 చదరపు అడుగులు. అడుగుకు 0.4 బస్తా చొప్పున 1,440 బస్తాలు పడతాయని మేస్త్రీ లెక్క. మొత్తం ఇప్పుడే తీసుకుంటే డీలరు రేటు తగ్గిస్తానంటున్నాడు. లూజు సిమెంటు (బస్తాల్లో నింపకుండా అమ్మేది) ఇంకా చవకని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1: బేరం మొత్తానికీ ఒకేసారి ఆడండి, సరుకు మాత్రం విడతలుగా దింపించుకోండి. కట్టు విప్పకపోయినా బస్తా గాలిలోని తేమ పీలుస్తుంది. మూడు నెలలు నిలవుంటే సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30 శాతం బలం పోతుంది. ఇప్పుడు దింపితే ప్లాస్టరింగ్‌కు మిగిలేది ఆ పాత సరుకే.

చోటూ చూసుకోండి. పది బస్తాల ఎత్తుకు మించి పేర్చకూడదు, అడుగున ఉన్నవి బిగుసుకుపోతాయి. ఆ లెక్కన 1,440 బస్తాలకు నడిచే దారి కాకుండానే దాదాపు 500 చదరపు అడుగులు కావాలి. 400 బస్తాల లోడుకైతే (20 టన్నులు) ఒక గది సరిపోతుంది. నేల మీద చెక్కలు పరిచి అర అడుగు ఎత్తులో, గోడలకు రెండడుగులు వదిలి పేర్చండి. ముందొచ్చినవి ముందు వాడేలా దారి ఉంచండి, లేకపోతే పాతవి ఎప్పటికీ వెనకే ఉండిపోతాయి.

డీలరుతో రాయించుకోవాల్సినవి: బ్రాండు, రకం, రేటు ఎన్నాళ్లు నిలుస్తుందో, జీఎస్టీ (2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం) కలిపిందో కాదో, రవాణా, దింపుడు కూలి ఎవరిదో. అడ్వాన్సు ఒక లోడుకు మించి ఇవ్వకండి.

జవాబు 2: లోడు రాగానే బస్తా మీద ముద్రించిన వారం, సంవత్సరం చూడండి. ఆరు వారాలు దాటినదైతే తిప్పి పంపండి. లారీని దింపక ముందూ తర్వాతా వేబ్రిడ్జి మీద తూయిస్తే తేడాయే మీ సరుకు. ఆ వారం టెస్టు సర్టిఫికెట్ కూడా అడగండి, కంపెనీ ఇస్తుంది. గడ్డలు కనిపిస్తే వేళ్లతో నలపండి: పొడి అయితే బరువుకు బిగుసుకున్నవే, వాడొచ్చు. నలగకపోతే తేమ తగిలి గట్టిపడిపోయింది, స్లాబుకు అస్సలు వద్దు.

జవాబు 3: లూజు సంగతి మరిచిపోండి. బల్కరు (లూజు సిమెంటు తెచ్చే ట్యాంకరు లారీ) 25–30 టన్నులు తెస్తుంది, ఆ సిమెంటును గాలి ఒత్తిడితో సైలోలోకి (నిలవ ఉంచే పెద్ద నిలువు ట్యాంకులోకి) ఎక్కించాలి. సైలో లేని సైటుకు అది పనికిరాదు. ఆ ధర లాభం కావాలంటే స్లాబులకు రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) తీసుకుని, కట్టుబడికీ ప్లాస్టరింగ్‌కూ బస్తాలు వాడండి. అప్పుడు బస్తాల సంఖ్యా బాగా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు: స్లాబుకు ఓపీసీ 53 (బూడిద కలపని మామూలు సిమెంటు, 53 గ్రేడు), మిగతాదానికి పీపీసీ (ఫ్లైయాష్ బూడిద కలిపినది) తీసుకోనా?

జవాబు 1: పీపీసీతోనూ స్లాబు వేయొచ్చు, కాకపోతే దానికి తొలిరోజుల బలం తక్కువ. మూడు రోజులకు ప్రమాణం పీపీసీకి 16 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని తట్టుకునే బలానికి కొలత), ఓపీసీ 53కి 27. అందుకే సెంట్రింగ్ త్వరగా విప్పకండి, కనీసం పది రోజులు నీళ్లు తడపండి. ఒకే స్లాబులో రెండు రకాలు కలపనివ్వకండి. రెండూ తీసుకుంటే వేర్వేరు వరసల్లో పేర్చి, రకం పేరు గోడ మీద పెద్దగా రాయించండి. పనివాళ్లకు చేతికి దగ్గరున్న బస్తానే తీసే అలవాటు.