సమస్యాపూరణం: “ఆకుకూర తిన్న హాని కలుగు”

నిర్వాహకుడు

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

*ఆకుకూర తిన్న హాని కలుగు*

ఆటవెలది నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల గణాలు), మొదటి ‘ఆ’కు నాలుగో గణంలోని ‘హా’తో యతి (అక్షరాల పొందిక). మూడో పాదం చివరి మాటను బట్టి ముందు ‘న’కారమో ‘య’కారమో వచ్చి చేరితే చేరనివ్వండి. ఒక్కటే షరతు: ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు వైద్యానికి విరుద్ధమైన మాట పద్యంలో పెట్టకండి. గణం తప్పితే నేను సరిచేయగలను. మందు తప్పితే సరిచేయడం నా చేతిలో లేదు.

అక్షరపిపాసి

గురువుగారూ, హాని ఎవరికన్నది సమస్యలో లేదు కదా! ఆ సందులో దూరాను.

రేయి చూపు తగ్గు రేచీకటియె చచ్చు
నెత్తు రింకు జబ్బు నేల గూలు
రోగములకె సుమ్మ రోజును విడువక
యాకుకూర తిన్న హాని కలుగు

నిర్వాహకుడు

బాగుంది. హానిని రోగాల నెత్తిన రుద్దడం ఇలాంటి సమస్యలకు పాత ఉపాయమే అయినా ఇక్కడ చక్కగా అమరింది. రక్తహీనతను ‘నెత్తు రింకు జబ్బు’ అనడం నాకు బాగా నచ్చింది. మూడో పాదంలో ‘రోజు’ అన్యదేశ్యం, పరభాష నుంచి వచ్చిన మాట. ‘రో’కు యతి కోసం తెచ్చుకున్నారని తెలుస్తూనే ఉంది, పోనిద్దాం.

మందులమూట

పద్యం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. అందులోని వైద్యం గురించి మాత్రం ఒక మాట. ఆకుకూరలతో తగ్గేది విటమిన్ ఎ లోపం వల్ల వచ్చిన రేచీకటి. పుట్టుకతో వచ్చే రెటీనా జబ్బు వల్ల కలిగే రేచీకటి ఎంత పాలకూర తిన్నా తగ్గదు. ఆకులో నేరుగా ఉండేది బీటా కెరోటిన్. అది ఒంట్లోకి వెళ్ళాక విటమిన్ ఎ అవుతుంది, ఒంటికి పట్టాలంటే కూరలో కాస్త నూనె ఉండాలి. ఇక ఇనుము సంగతి. ఆకుకూరల్లో ఉండే ఇనుము మాంసంలో ఉన్నంత సులువుగా ఒంటబట్టదు. పక్కన నిమ్మరసమో ఉసిరికాయో ఉంటే మేలు. భోజనం చేస్తూనే టీ, కాఫీ తాగితే ఆ పట్టేది కూడా తగ్గుతుంది. ‘జబ్బు నేల గూలు’ అన్నారు. అంత త్వరగా కూలదు, మోకాళ్ళ మీద కూర్చుంటుంది.

అక్షరపిపాసి

‘మోకాళ్ళ మీద కూర్చుండు’ అంటే గణాలు కుదరవండీ!

మందులమూట

ముప్పై ఏళ్ళు మందుల దుకాణంలో కూర్చున్నవాడిని, ఛందస్సు కొత్త. ధైర్యం చేస్తున్నాను. ఇది మా నాన్నగారి కథ. గుండెలో కవాటం మార్చాక ఆయన నెత్తురు గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందు వాడేవారు.

గుండె జబ్బు కొఱకు గూర్చిన మందుతో
రక్త మెపుడు పలుచ గాను నుండు
కొలత మఱచి యట్టె కుప్పలు కుప్పగా
నాకుకూర తిన్న హాని కలుగు

నిర్వాహకుడు

మొదటి ప్రయత్నమంటే నమ్మలేకపోతున్నాను. మూడో పాదం పలికిన తీరు చూడండి: ‘కొలత’కు ‘కుప్పలు’ యతి. మాటకు మాట ఎదురు నిలబడింది. నాలుగో పాదంలో ద్రుతం (నకారం) చేరి ‘నాకుకూర’ అయినా యతి లోపలి అచ్చుకు చెల్లుతుంది, అనుమానం వద్దు.

తప్పంతా రెండో పాదంలోనే. ‘ర’కు ‘గా’తో యతి కుదరదు. ‘గాను నుండు’లో ‘ను’ రెండుసార్లు పడింది. పైగా ఆ పాదం దగ్గర వాక్యం ఆగిపోయి, తినేదెవరో తెలియకుండా పోయింది. నా సవరణ:

*నెత్తు రింత పలుచ నిలుపు వారు*

‘నె’కు ‘ని’ యతి, కర్త కూడా దొరికాడు. ఇంతకీ ఆ కథ ఏమిటో చెప్పండి. పద్యం చదివినవారికి ఆకుకూరకూ నెత్తురుకూ ఉన్న సంబంధం తెలియాలి కదా.

మందులమూట

సవరణకు కృతజ్ఞతలు. వార్ఫరిన్ పనిచేసేదే విటమిన్ కె పనిని అడ్డుకుని. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లు తయారవ్వాలంటే ఆ విటమిన్ ఉండాలి. ముదురాకుపచ్చ కూరల్లో అది దండిగా ఉంటుంది. నెత్తురు ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలో నాన్నగారి అంకె ఎప్పుడూ 2కూ 3కూ మధ్య నిలకడగా ఉండేది. ఒకసారి ఎవరో ‘గుండెకు మంచిది’ అన్నారని రెండు పూటలా గిన్నెడు పాలకూర మొదలుపెట్టారు. పది రోజుల్లో అది 2 కన్నా కిందికి దిగింది. డాక్టరుగారు చీటీ మీద మందు మోతాదు రాయబోయి, కలం ఆపి, “ఈమధ్య ఏం తింటున్నారు?” అని అడిగారు. అదృష్టం బాగుండి గడ్డ కట్టలేదు.

ఇది చదివి వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానేయనక్కరలేదు. వారం వారం ఇంచుమించు ఒకే పాళ్ళలో తింటే మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. హఠాత్తుగా పెంచడం, హఠాత్తుగా మానడం, రెండూ ఇబ్బందే. అందుకే ‘కొలత మఱచి’ అన్నాను. ఆ రెండు మాటల కోసం ఒక రాత్రంతా పట్టింది.

పచ్చనాకు

నా పూరణ:

మూత్రపిండమందు మొండిరాళ్ళున్నచో
పాలకూర రసము పచ్చిగాను
గ్లాసు మీద గ్లాసు గడగడ త్రాగుచు
నాకుకూర తిన్న హాని కలుగు

నిర్వాహకుడు

గణాలు, యతులు నిర్దోషం. ‘గ్లాసు మీద గ్లాసు గడగడ’ చదువుతుంటే నాకే దాహం వేసింది. చిక్కు అన్వయంలో ఉంది. రసం తాగినవాడు మళ్ళీ కూర ఎందుకు తిన్నాడు? హాని తాగినదాని వల్లా, తిన్నదాని వల్లా? సమస్యలో ‘తిన్న’ ఉంది కాబట్టి పద్యమంతా తిండి మీదే నడవాలి. పైగా రాళ్ళున్నవాడి అసలు తప్పు నీళ్ళు తాగకపోవడం. మీ పద్యంలో ఆ ఊసే లేదు. ఇలా అంటే?

*పాలకూర యొకటె పథ్య మనుచు*
*నీరు మాని నాళ్లు నెలలుగా విడువక*
*యాకుకూర తిన్న హాని కలుగు*

పచ్చనాకు

ఒప్పుకుంటున్నాను, కానీ గ్లాసును వదులుకోవడం కష్టంగా ఉంది!

మందులమూట

మూత్రపిండాల్లో రాళ్ళు ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్‌వే. పాలకూరలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, తోటకూరలోనూ తక్కువేమీ కాదు. ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది. భోజనంలో పెరుగు ఉంటే అందులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది, మూత్రం దాకా వెళ్ళేది తగ్గుతుంది. పచ్చి రసం తాగితే ఈ రెండు లాభాలూ పోతాయి. అందుకని పచ్చనాకుగారి గ్లాసు వైద్యం వైపు నుంచి మంచి పట్టే. అన్వయం సంగతి గురువుగారి ఇష్టం.

తోటమాలి

ఇన్ని జబ్బుల మధ్య నాది చిన్న గోడు.

దొడ్డిలోన నేను తోటకూరను పెంచ
నత్త లొచ్చి రాత్రి నమిలి పోయె
దొంగ వోలె నివ్వి తోటవానికి సుమ్మి
యాకుకూర తిన్న హాని కలుగు

నిర్వాహకుడు

హహ్హా! తిన్నది నత్త, హాని మీకు. ఇంతవరకు ఎవరికీ తట్టని దారి. ‘నత్త లొచ్చి’ మాత్రం పద్యంలో చెల్లదు. ‘నత్తలు వచ్చి’ అన్నచోట సంధి లేదు. ‘నత్త లెక్కి’ అంటే సంధీ నిలుస్తుంది, అవి కాడ మీదికి పాకడమూ కనిపిస్తుంది. ‘నమిలి’కి బదులు ‘నమలి’ అనండి. ‘ఇవ్వి’ మాత్రం గ్రాంథికంలో నిక్షేపంగా ఉంది.

తోటమాలి

సరిచేసుకున్నాను. అదే ఊపులో ఇంకొకటి:

పురుగు మందు చల్లి పొద్దు పోకనె కోసి
మట్టి యంటి యున్న మడత లెల్ల
ముంచి తీసి నీట ముమ్మాఱును కడుగ
కాకుకూర తిన్న హాని కలుగు

నిర్వాహకుడు

ఈ వారం పూరణల్లో నా ఓటు దీనికే. ‘కడుగక + ఆకుకూర’ను పాదం అంచున విరిచి, ‘కడుగ’ దగ్గర మనల్ని నమ్మించి, మరుసటి పాదం మొదటి అక్షరంతో తిరగేశారు. లేని ‘క’ను తెచ్చి సమస్య ముందు పెట్టడం చూడడానికి తేలిక, చేయడానికి కాదు.

మందులమూట

నాదీ అదే ఓటు. ఒక్క మాట: ఎంత కడిగినా పైన అంటిన మందే పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు. పారే నీళ్ళలో కడగడం మేలు. సబ్బు అక్కరలేదు, వాడకూడదు కూడా.

నిర్వాహకుడు

చివరగా నా పూరణ:

కూర మందె గాని గుళికకు బదులౌనె
వెజ్జు నడుగకుండ వీడి మందు
మెంతి కాకరలనె మేలని నమ్ముచు
నాకుకూర తిన్న హాని కలుగు

మందులమూట

చక్కెర జబ్బువాళ్ళు ఇది ఫోనులో దాచుకోవాలి. మందు మానకుండా, దానితోపాటు మోతాదు మించి మెంతిపొడి, కాకర రసం తీసుకున్నా చక్కెర మరీ పడిపోవచ్చు. ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాల్సిందే.

తోటమాలి

గురువుగారూ, క్షమించాలి. కాకర తీగకు కాసే కాయ. ఆకుకూర ఎప్పుడైంది?

నిర్వాహకుడు

కాకరాకు వండుకునేవాళ్ళు కూడా ఉన్నారని వాదిద్దామనుకున్నాను. కానీ పద్యంలో నేను ‘కాకరాకు’ అనలేదు. పచ్చనాకుగారి గ్లాసు లాక్కున్నవాడిని, నా కాకరకాయ దాచుకోలేను కదా. మూడో పాదం మారుస్తున్నాను:

*మెంతి మునగ లింక మేలని నమ్ముచు*

‘ఇంక’ గణం కోసం వచ్చి కూర్చుంది. ఎవరైనా దాన్ని లేపి మంచి మాట కూర్చోబెడితే సంతోషం.