స్ఫింక్స్ పిల్లికి వారం వారం స్నానం తప్పనిసరా?

కిటికీ వెలుగు (చర్చ మొదలుపెట్టినవారు)
మా ఇంట్లో రెండేళ్ల ఆడ స్ఫింక్స్ (ఒంటి మీద వెంట్రుకలు లేని జాతి పిల్లి) ఉంది. తెచ్చుకున్న నాటి నుంచి వారానికోసారి స్నానం చేయిస్తున్నాను. నెల రోజులుగా మెడ వెనక చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది. "పిల్లి తన ఒళ్లు తానే నాక్కుంటుంది, నీళ్లు పోసి బాధపెట్టకండి" అని ఒకరన్నారు. "మానేస్తే ఒళ్లంతా మొటిమలే" అని ఇంకొకరు. పెంచుతున్నవారు చెప్పండి, ఎవరి మాట వినాలి?

మూడు తోకలు
మానకండి. మామూలు పిల్లి చర్మంలో ఊరే నూనె వెంట్రుకలకు పట్టి సర్దుకుంటుంది. స్ఫింక్స్‌కు సన్నని నూగు తప్ప ఏమీ లేదు గనుక నూనె చర్మం మీదే పేరుకుంటుంది, దుమ్ము పట్టి గోధుమరంగు జిడ్డవుతుంది. స్నానం రెండు వారాలు ఆలస్యమైతే మా మగపిల్లి పడుకునే దుప్పటి మీద దాని ఒంటి ఆకారమే మరకగా పడుతుంది. నాకితే పోయే జిడ్డు కాదది. చెవుల్లోనూ వెంట్రుకలుండవు, గుబిలి తొందరగా నిండుతుంది. గోళ్ల మొదళ్లలో నల్లటి మడ్డి చేరుతుంది. స్నానం రోజున ఇవన్నీ ఒకేసారి చూసుకోవచ్చు.

పొడి చేయి
మూడు తోకలు గారూ, స్నానం కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. వారం లెక్కను మాత్రం ఒప్పుకోను. నేను పిల్లి వీపు మీద, మెడ మడతల్లో వేలితో రుద్ది చూస్తాను. వేలికి జిడ్డు అంటితే స్నానం. మెత్తని తోలులా పొడిగా తగిలితే ఆ వారం తడిగుడ్డతో తుడిచి వదిలేస్తాను. మా దానికి పది, పన్నెండు రోజులు పడుతుంది. పొట్టు రాలుతున్న చర్మాన్ని మళ్లీ మళ్లీ కడిగితే ఇంకా ఎండుతుంది.

కిటికీ వెలుగు గారూ, ఏ షాంపూ వాడుతున్నారు?

కిటికీ వెలుగు
పసిపిల్లల షాంపూ. మృదువుగా ఉంటుందని.

పొడి చేయి
అక్కడే అనుమానించాలి. మనుషుల చర్మం, పిల్లి చర్మం ఒకటి కావు. పిల్లుల కోసం చేసిన, పరిమళం లేని షాంపూకు మారండి. టీ ట్రీ నూనె కలిసినది దగ్గరికే రానివ్వకండి, పిల్లులకు అది విషం. కడిగాక వెచ్చని తువ్వాలుతో వెంటనే ఆరబెట్టాలి, ఇవి చలికి తట్టుకోలేవు. పొట్టు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, ఫంగస్ కూడా అయి ఉండవచ్చు.

వాకిట నీడ
స్నానం గురించి ఇంత మాట్లాడుతున్నాం, అసలు వీటిని పుట్టించడం న్యాయమేనా? 1966లో కెనడాలోని టొరంటోలో వెంట్రుకలు లేని పిల్లికూన పుట్టడం ప్రకృతిలో జరిగిన మార్పు. దాన్ని జాతిగా పెంచింది మనిషి. ఎండలో పడుకుంటే చర్మం కాలుతుంది, చలికి వణుకుతుంది. చీకట్లో దారి తెలిపే మీసాలు ఉండవు, ఉన్నా విరిగిన ముక్కలే. నెదర్లాండ్స్‌లో 2026 జనవరి 1 నుంచి, అంతకుముందు పుట్టి ఒంట్లో గుర్తింపు చిప్ వేయించినవి తప్ప, వీటిని పెంచుకోవడమే నిషేధించారు. నాకది సరైనదే అనిపిస్తుంది.

మూడు తోకలు
కొత్త కూనలను పుట్టించవద్దంటే నేనూ మీతోనే ఉంటాను. కానీ ఇప్పటికే మన ఒళ్లో పడుకున్నదాని సంగతి మనమే చూడాలి కదా.

వేకువ
ఇది రాయడానికి రెండు రోజులు ఆలోచించాను. మా పిల్లి చర్మం అద్దంలా ఉండేది. చెవుల్లో చుక్క గుబిలి ఉండేది కాదు. నాలుగో ఏట ఒక తెల్లవారుజామున గట్టిగా అరిచి వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ వచ్చింది. పట్టుకుంటే పాదాలు చల్లగా ఉన్నాయి. గుండెలో గడ్డకట్టిన రక్తం జారి, వెనక కాళ్లకు వెళ్లే రక్తనాళానికి అడ్డుపడిందన్నారు. గుండె గోడలు మందమైపోయాయి. ఆ జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. స్ఫింక్స్‌లలో అది ఎక్కువగా కనిపిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఏటా డాక్టరు స్టెతస్కోపు పెట్టి "బాగుంది" అనేవారు. ఆయనను తప్పుపట్టను. ఈ జబ్బున్న గుండెలో తేడా శబ్దం వినిపించకపోవచ్చు. గోడల మందం ఎకో స్కాన్‌లోనే తెలుస్తుంది. చాలా పిల్లులకు మత్తు లేకుండానే చేస్తారు. 2021లో ఏఎల్‌ఎంఎస్1 అనే జన్యువులోని మార్పుకు స్ఫింక్స్‌లలో ఈ జబ్బుతో సంబంధం ఉందని పరిశోధకులు ప్రకటించారు. అయితే జన్యుపరీక్షలో ఏమీ లేదని వచ్చినా గుండె క్షేమమని అర్థం కాదు. ఏటా స్కాన్ చేయించండి.

ఇంట్లో ఒక పని చేయండి. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు నిమిషానికి ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. వరుసగా 30 దాటుతుంటే ఆగకుండా డాక్టరుకు చూపించండి. నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

పొడి చేయి
వేకువ గారూ, నేను ఐదేళ్లుగా దాని వీపు మీద వేలు పెట్టి జిడ్డు చూశాను గానీ ఊపిరి లెక్కపెట్టలేదు. ఈ రోజే మొదలుపెడతాను.

కిటికీ వెలుగు
షాంపూ పక్కన పెట్టేశాను, ఈ వారం స్నానం లేదు. రాత్రి సోఫాలో నిద్రపోయాక పక్కన కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాను: 22, 24, 22. గడియారం ముల్లు చూస్తూ నా ఊపిరే బిగపట్టాను. ఎకో స్కాన్‌కు వచ్చే వారం సమయం ఇచ్చారు.