101 ఇళ్ళలో ఎవరికీ జబ్బు రాలేదు: ఈ సున్నాలను ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: కొబ్బరితోట

మాది ముమ్మిడివరం దగ్గర, గౌతమి పాయకు చేరువలో ఉన్న ఊరు. అమలాపురంలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేశాను. ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. మొన్న శ్రావణంలో, గోదావరి వరద తగ్గిన వారానికి, మా పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా అమ్మకు ఒక్క రాత్రిలో నాడి అందకుండా పోయింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక గాని లేచి కూర్చోలేదు.

అమ్మ ఇంటికి వచ్చిన మర్నాడే 200 పేజీల నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మా పేటలో 140 ఇళ్ళు. 21 ఇళ్ళలో ఒక్కొక్కరికి, 12 ఇళ్ళలో ఇద్దరేసికి, 5 ఇళ్ళలో ముగ్గురేసికి, ఒక ఇంట్లో నలుగురికి వచ్చింది. మొత్తం 64 మంది. మిగిలిన 101 ఇళ్ళలో ఎవరికీ ఏమీ రాలేదు. ఆ ఇళ్ళ ఎదురుగా సున్నా వేసి వచ్చేశాను.

ఆ వారం జరిగిన ఒక పెళ్ళి భోజనం వల్లే వచ్చిందని ఊళ్ళో పెద్దలు తేల్చేశారు. ఆ పెళ్ళివారు కొబ్బరి వలిచి బతికేవాళ్ళు, ఎదురు చెప్పలేరు. ఆ పిల్ల తండ్రి వీధిలోకి రావడం మానేశాడు. నా అనుమానం మాత్రం కుళాయి మీద. మా ట్యాంకు నుంచి రెండు గొట్టాలు బయలుదేరతాయి. తూర్పు గొట్టం మురుగు కాలువ తూము పక్కనుంచే వెళుతుంది. వరదకు ఆ తూము నాలుగు రోజులు మునిగే ఉంది. ఈ మాట పంచాయతీలో చెబితే, "కుళాయి నీళ్ళే అయితే ఊరంతా పడిపోవాలి కదమ్మా, 101 ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. పాయిజాన్ విభాజనం (సంఘటనలు ఏ పక్షపాతమూ లేకుండా ఎక్కడపడితే అక్కడ పడితే, ఎన్ని చోట్ల సున్నా, ఎన్ని చోట్ల ఒకటి, రెండు పడతాయో చెప్పే సూత్రం) చదివాను, పరీక్ష రాశాను. ఈ పుస్తకం ముందు పెట్టుకుంటే దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియడం లేదు.

ఇంకొక సంగతి. జబ్బు వచ్చిన 39 ఇళ్ళలో వైద్యానికి ఎంత ఖర్చయిందో కూడా రాసుకున్నాను. ఇంటికి సగటున 4,300 రూపాయలు తేలింది. గొట్టం మార్చడానికి డబ్బు లేదంటున్నవారికి ఈ లెక్క చూపించాలనుకుంటున్నాను. ఇది నిలబడే లెక్కేనా?

జవాబు: మందుల సంచి

నేను 22 ఏళ్ళుగా ఏఎన్‌ఎంగా చేస్తున్నాను. అమ్మ ఎలా ఉన్నారండీ? ఓఆర్‌ఎస్ ఇంట్లో ఉంచండి.

మీ పుస్తకం సంగతి చదువుకున్నవారు చెబుతారు. ఈలోగా ఒక పని చేయండి. ఆరోగ్య సిబ్బంది దగ్గర క్లోరిన్ చూసే పెట్టె ఉంటుంది. కుళాయి దగ్గరకు వచ్చేసరికి నీళ్ళలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కింద చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రెండు గొట్టాల చిట్టచివరి కుళాయిల దగ్గర చూడాలి. మన ఊళ్ళలో నీళ్ళు పూటకు ఒక గంట వదులుతారు. నీళ్ళు ఆపిన తరువాత గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ కన్నం ఉంటే అక్కడ బయటి మురుగును గొట్టమే లోపలికి పీల్చుకుంటుంది. తూము పక్కన గొట్టం అంటే నాకు భయం వేస్తుంది.

జవాబు: పాత అధ్యాపకుడు

అమ్మాయీ, పంచాయతీవారు అడిగింది మంచి ప్రశ్న. కోపగించుకోకుండా దాన్నే పట్టుకుని ముందుకు వెళ్ళు.

ఊరంతటికీ ఒకే ప్రమాదం ఉందనుకుందాం. 140 ఇళ్ళకు 64 మంది, అంటే ఇంటికి 0.46. పాయిజాన్ విభాజనం ప్రకారం సుమారు 89 ఇళ్ళలో సున్నా, 40 ఇళ్ళలో ఒకరు, 9 ఇళ్ళలో ఇద్దరు, ఒక ఇంట్లోనో రెండిళ్ళలోనో ముగ్గురు ఉండాలి. నీ పుస్తకంలో ఒక్కరికే వచ్చిన ఇళ్ళు 21 మాత్రమే, ఉండవలసిన దానిలో సగం. ఇద్దరు, ముగ్గురు ఉన్న ఇళ్ళేమో ఎక్కువ, సున్నాలూ ఎక్కువే. జబ్బు కొన్ని ఇళ్ళలో గుంపుగా పడింది, కొన్ని ఇళ్ళ గడపే తొక్కలేదు. కాబట్టి ఊరంతా పడిపోవాలన్న మాట సగం నిజం. ఊరంతా ఆ నీళ్ళు తాగి ఉంటే ఈ పట్టిక వచ్చేది కాదు.

సరిగ్గా ఇలాంటి పట్టికనే 1926లో మెకెండ్రిక్ అనే వైద్యుడు అచ్చువేశాడు. మన దేశంలో వైద్య సేవలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు, కసౌలీలోని పాశ్చర్ సంస్థను నడిపినవాడు. ఆయన తీసుకున్నది కలరా వచ్చిన ఒక భారతీయ గ్రామం. 223 ఇళ్ళు. 168 ఇళ్ళలో సున్నా, 32 ఇళ్ళలో ఒకరు, 16 ఇళ్ళలో ఇద్దరు, 6 ఇళ్ళలో ముగ్గురు, ఒక ఇంట్లో నలుగురు. ఆ 168 సున్నాలు ఒకే జాతివి కావని ఆయన గ్రహించాడు. కొన్ని ఇళ్ళు చెడ్డ నీళ్ళు తాగి కూడా తప్పించుకున్నవి. మిగిలినవి అసలు ఆ నీళ్ళే తాగనివి. లెక్క వేస్తే 93 ఇళ్ళకే ప్రమాదం ఉన్నట్టు తేలింది. ఊళ్ళో బావులు చాలా ఉండి ఉంటాయి, చెడింది ఒక బావి, ఆ 93 ఇళ్ళూ దాని నీళ్ళే తాగి ఉంటాయని ఊహించాడు. ఊళ్ళో విచారిస్తే అలాగే ఉంది. నేను పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళలో ఈ పట్టిక నల్లబల్ల మీద వేయని సంవత్సరం లేదు.

నీ సంఖ్యలకు అదే చేద్దాం. మొత్తం రోగుల వర్గం: 64ను 64తో గుణిస్తే 4,096. తరువాత ఒక్కో ఇంటి రోగుల సంఖ్యను వర్గం చేసి కూడితే 21, 48, 45, 16 కలిపి 130. అందులోంచి 64 తీసేస్తే 66. 4,096ను 66తో భాగిస్తే 62. అంటే 62 ఇళ్ళకు ప్రమాదం ఉన్నట్టు. 62 ఇళ్ళే అనుకుని మళ్ళీ పాయిజాన్ వేసి చూడు: సున్నా 22, ఒకరు 23, ఇద్దరు 12, ముగ్గురు 4, నలుగురు 1. వీటిని నీ పుస్తకంలోని 21, 12, 5, 1తో పోల్చి చూడు.

అయితే ఈ 62ను పట్టుకుని పంచాయతీకి పరుగెత్తకు. అటూ ఇటూ ఇరవై ఇళ్ళ తేడా ఉండవచ్చు. పైగా అది ఎన్ని ఇళ్ళో చెబుతుంది గాని, ఏ ఇళ్ళో చెప్పదు. అది తెలియాలంటే నువ్వు సున్నా వేసి వచ్చేసిన 101 గడపలూ మళ్ళీ ఎక్కాలి. తాగే నీళ్ళు ఎక్కడివి? పెళ్ళికి వెళ్ళారా? ఈ రెండు ప్రశ్నలూ 140 ఇళ్ళలోనూ ఒకే మాటలతో అడుగు. 1854లో లండన్ కలరాలో జాన్ స్నో చేసిన పని ఇదే. ఒకే వీధిలో పక్క పక్క ఇళ్ళకు రెండు వేర్వేరు కంపెనీల నీళ్ళు వచ్చేవి. చావులు ఒక కంపెనీ నీళ్ళు తాగినవారిలో పదివేల ఇళ్ళకు 315, రెండో కంపెనీవారిలో 37. వీధి ఒకటే, గాలి ఒకటే, గొట్టమే వేరు. నీ ఊళ్ళోనూ గొట్టాలు రెండున్నాయి కదా.

జవాబు: మందుల సంచి

మాస్టారూ, మీ లెక్క చదివి సంతోషించాను. ఒక అడ్డు చెప్పనివ్వండి. ఒకే ఇంట్లో ముగ్గురికి వచ్చిందంటే ముగ్గురూ ఆ నీళ్ళు తాగారనే అనుకోనక్కర్లేదు. మొదట పిల్లవాడికి వస్తుంది. తల్లి వాడి బట్టలు ఉతుకుతుంది, అదే చేత్తో అన్నం కలుపుతుంది. రెండో రోజున తల్లికి వస్తుంది. ఇది ఎన్ని ఇళ్ళలో చూశానో చెప్పలేను. అప్పుడు కూడా పట్టిక ఇలాగే గుంపుగా ఉంటుంది కదా?

జవాబు: పాత అధ్యాపకుడు

ఉంటుంది తల్లీ. ఆ పట్టిక ఒక్కదానితో ఈ రెండింటినీ విడదీయలేము. ఎవరికి ఏ రోజున మొదలైందో ఆ తేదీలు కావాలి.

జవాబు: వరిచేను

నేను ఊళ్ళు తిరిగి కుటుంబాల ఖర్చుల సర్వేలు చేసేవాడిని. ఆ 4,300 సంగతి మాట్లాడతాను. ఆ 39 ఇళ్ళలో ఖర్చు సున్నా అన్నవి ఎన్ని? వాటిని ఒకసారి విడదీసి చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పొట్లాలు తీసుకుని కోలుకున్న ఇంటి సున్నా వేరు, డబ్బు లేక ఎక్కడికీ వెళ్ళని ఇంటి సున్నా వేరు. రెండోదాన్ని సగటులో కలిపితే ఎంత పేదవారైతే అంత తక్కువ నష్టపోయినట్టు లెక్క వస్తుంది. అది అన్యాయం. అలాగే ఒక్క ఇంటి పెద్ద బిల్లు సగటును పైకి లాగేస్తుంది. మధ్యగతం, అంటే ఖర్చులను వరుసలో పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే సంఖ్య, అది కూడా చూడండి. పోయిన కూలి దినాలు, తాకట్టు పెట్టిన వస్తువులు, అమ్మిన మేకలు వేరే వరుసలో రాయండి. బిల్లు రానంత మాత్రాన నష్టం లేనట్టు కాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు: కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మూడు ఆదివారాలు పట్టింది, అన్ని గడపలూ మళ్ళీ ఎక్కాను.

ముందు పెళ్ళి. జబ్బు వచ్చిన 39 ఇళ్ళలో 17 ఇళ్ళవారు భోజనానికి వెళ్ళారు. రాని 101 ఇళ్ళలో 45 ఇళ్ళవారు వెళ్ళారు. రెండు చోట్లా పదింటికి నాలుగైదు ఇళ్ళు. ఆ రాత్రే వెళ్ళి ఈ కాగితం పిల్ల తండ్రికి చూపించాను. ఆయనకు చదువు రాదు. కూతురితో రెండుసార్లు చదివించుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తరువాత నీళ్ళు. తూర్పు గొట్టం నీళ్ళు తాగే ఇళ్ళు 57. మాస్టారి 62కి అంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు. ఆ 57లో 36 ఇళ్ళకు జబ్బు వచ్చింది. మిగిలిన 83 ఇళ్ళలో 3 ఇళ్ళకే వచ్చింది. ఆ మూడింట్లో ఒకటి తూర్పు వైపు ఇంట్లో పాచిపని చేసే ఆమెది. తూర్పు గొట్టం మీదే ఉన్నా జబ్బు రాని కొన్ని ఇళ్ళవారు వానాకాలం నీళ్ళు కాచుకుని తాగుతామన్నారు. తూర్పున కుళాయి ఉండి కూడా 20 లీటర్ల టిన్ను కొనుక్కునే ఇళ్ళను ఆ 57లో కలపలేదు. వాళ్ళెవరికీ రాలేదు.

తేదీల సంగతి మందుల సంచి అక్క చెప్పింది నిజమే. ఒకరికంటే ఎక్కువ మందికి వచ్చిన ఇళ్ళలో మొదటి వ్యక్తి కాక 25 మంది ఉన్నారు. 19 మందికి మొదటివారితో పాటో మర్నాడో వచ్చింది. ఆరుగురికి రెండు మూడు రోజుల తరువాత, వాళ్ళలో ఐదుగురు తల్లులు. మా ఇంట్లో అమ్మకు వచ్చింది, నాకు అసలు రాలేదు. ఆమె పొద్దున్నే నీళ్ళు వదలగానే మొదటి బిందెలోంచి తాగుతుంది. ఇప్పటికీ ఆ అలవాటు మాన్పించలేకపోతున్నాను. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూశాం. పడమర గొట్టం నీళ్ళకు రంగు వచ్చింది, అంటే క్లోరిన్ ఉన్నట్టు. తూర్పు నీళ్ళకు ఏ రంగూ రాలేదు.

ఖర్చు విషయంలో నేను తప్పు చేశాను. సున్నా రాసినవి 11 ఇళ్ళు. నాలుగు ఇళ్ళవారు ఆరోగ్య కేంద్రం పొట్లాలతో కోలుకున్నారు. ఏడు ఇళ్ళవారు డబ్బు లేక ఎక్కడికీ వెళ్ళలేదు. అందులో ఒక ముసలామె మూడు రోజులు కొబ్బరి నీళ్ళు తాగి పడుకుందట. రెండు వారాలు కొబ్బరి ఈనెలు తీసే పనికి వెళ్ళలేకపోయింది. నా పుస్తకంలో ఆమె నష్టం సున్నా. ఇంకోవైపు 38,000 కట్టిన ఇల్లు ఒకటి సగటును లాగేసింది. ఇప్పుడు మొత్తం మూడు వరుసలుగా రాశాను: కట్టిన బిల్లు, పోయిన కూలి, తాకట్టు.

కాగితం ఒక్క పేజీకి కుదించి పంచాయతీలో ఇచ్చాను. 57కు 36, 83కు 3 అన్న చోట కార్యదర్శి వేలు పెట్టి చాలాసేపు చూశారు. పాయిజాన్ గురించి ఆ పేజీలో ఒక్క ముక్క కూడా రాయలేదు మాస్టారూ, క్షమించాలి. తూము దగ్గర తవ్వి చూస్తామన్నారు, సోమవారం పొద్దున అని చెప్పారు. బడికి సెలవు పెట్టాను. ముసలామె వరుసలో పోయిన కూలి 14 రోజులని రాసుకున్నాను. ఆ రోజుల్లో ఈనెలు తీసే పనికి కూలి ఎంత ఇచ్చారో అడగడానికి రేపు సాయంత్రం మళ్ళీ ఆమె ఇంటికి వెళుతున్నాను.