ఒకే పంపులో ఒక మందు నిమిషాల్లో, ఇంకోటి రోజుల్లో: రిసెప్టర్ల తేడా పిల్లలకు ఎలా చెప్పాలి?

నాగావళి, రాయగడ

అందరికీ నమస్కారం. బీఫార్మసీ పిల్లలకు హార్మోన్ రిసెప్టర్ల (హార్మోన్, మందు వచ్చి పట్టుకునే కణంలోని ప్రోటీన్ల) పాఠం మొదలుపెట్టాలి. పరీక్ష ఇంగ్లీషులో, క్లాసులో మాట ఒడియాలో, సందేహాలు మాత్రం తెలుగులో వస్తాయి. సగం మంది గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్ల పిల్లలే. బొమ్మలు బట్టీ పట్టేస్తారు, "ఎందుకు?" అంటే ఆగిపోతారు. అందుకని ఆయాసం పంపుతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. శ్వాసనాళాన్ని సడలించే ఫార్మోటెరాల్, వాపు తగ్గించే స్టిరాయిడ్ బుడెసొనైడ్ కలిసి ఒకే పంపులో ఉంటాయి, ఒకే పీల్పుతో ఒకే చోటికి చేరతాయి. మొదటిది రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెరిపిస్తుంది. రెండోది కుదురుకోవడానికి రోజులు పడుతుంది. రెండూ రిసెప్టర్ల మీదే పనిచేస్తున్నప్పుడు ఇంత తేడా ఎక్కడ వస్తోంది? ఫార్మోటెరాల్ జాతిదే అయిన సాల్బుటమాల్ అదే పనిగా కొట్టేవాళ్లకు క్రమంగా అది పనిచేయదంటారు, ఆ తెగిపోయేది ఏ మెట్టు దగ్గర? స్టిరాయిడ్ ఇస్తే ఆ స్పందన తిరిగి వస్తుందని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది, కారణం లేదు. బోర్డు మీద గీయగలిగేలా, అంకెలతో చెబితే మేలు.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

ఫార్మోటెరాల్, సాల్బుటమాల్ పట్టుకునే బీటా-2 రిసెప్టర్ సంగతి నేను చెబుతాను, స్టిరాయిడ్ భాగం రుషికుల్య గారికి వదిలేస్తాను.

బీటా-2 రిసెప్టర్ 413 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. కణపొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతుంది. ఎన్-కొస బయట, సి-కొస లోపల. మందు కూర్చునే గుంట బయటివైపు నుంచి పొర మందంలోకి కొంత దిగి ఉంటుంది. బోర్డు మీద రెండు చోట్లు గుర్తు పెట్టిస్తే చాలు. మూడో హెలిక్స్‌లో (పొరను దాటే ఏడు మెలికల్లో మూడోది) 113వ స్థానంలోని ఆస్పార్టేట్ అడ్రినలిన్ అమైన్ మీది ధనావేశాన్ని పట్టుకుంటుంది. అయిదో హెలిక్స్‌లో 203, 204, 207 స్థానాల సెరీన్లు దాని వలయం మీది హైడ్రాక్సిల్స్‌ను పట్టుకుంటాయి. ఈ రెండు పట్లూ బిగిసినప్పుడు అయిదో హెలిక్స్ కాస్త లోపలికి జరుగుతుంది. అక్కడ జరిగేది చిన్న కదలికే. పొర అవతలికి చేరేసరికి మాత్రం ఆరో హెలిక్స్ లోపలి కొస 14 ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు తప్పుకుంటుంది. అలా తెరుచుకున్న సందులోకి సంకేతాన్ని లోపలికి అందించే జీఎస్ ప్రోటీన్ (ఆల్ఫా, బీటా, గామా అనే మూడు భాగాలది) ఆల్ఫా భాగపు తోక దూరుతుంది. రిసెప్టర్, జీఎస్ రెండూ అతుక్కుని ఉన్న స్ఫటిక నిర్మాణం 2011లో కోబిల్కా బృందం చూపించింది. మరుసటేడు లెఫ్కోవిట్జ్‌తో కలిసి ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇక్కడ పిల్లలు దాదాపు అందరూ ఒక తప్పు గీస్తారు: జీఎస్ పట్టుకుని ఉన్న జీడీపీ అనే చిన్న అణువుకు ఇంకో ఫాస్ఫేట్ అతికి జీటీపీ అయినట్టు. అలా జరగదు. రిసెప్టర్ చేసేది జీఎస్ పట్టును వదులు చేయడమే. పాత జీడీపీ జారిపోతుంది. కణంలో జీటీపీ చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఖాళీలో అది వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఆల్ఫా భాగం బీటా-గామా జంటను విడిచి అడినైలైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. ఆ ఎంజైమ్ వల్ల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే లోపలి సంకేత అణువు తయారవుతుంది. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్ ప్రోటీన్ కైనేజ్-ఏలో రెండు నియంత్రక భాగాలు, రెండు పనిచేసే భాగాలు ఉంటాయి. ఒక్కో నియంత్రక భాగం రెండేసి చొప్పున మొత్తం నాలుగు సైక్లిక్ ఏఎంపీలు ఎక్కితే పనిచేసే భాగాలకు విడుదల. శ్వాసనాళపు కండరంలో ఆ కైనేజ్ కండరాన్ని బిగించే మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ చురుకు తగ్గిస్తుంది, పొటాషియం చానెళ్లు తెరుచుకునేలా చేస్తుంది, కణం లోపలి కాల్షియం తగ్గుతుంది, కండరం సడలుతుంది.

ఈ వరుసలో కొత్తగా తయారవ్వాల్సిన ప్రోటీన్ ఒక్కటీ లేదు. అన్నీ ముందే ఉన్నాయి, ఆకారం మారడం, ఫాస్ఫేట్ అతకడం తప్ప వేరే పని లేదు. నిమిషాల్లో అయిపోవడానికి కారణం అదే.

ఆరిపోవడం కూడా చెప్పండి, దాన్ని వదిలేస్తే పాఠం సగమే. జీఎస్ ఆల్ఫా తన జీటీపీని తానే కోసుకుని జీడీపీగా మార్చుకుంటుంది. సైక్లిక్ ఏఎంపీని ఫాస్ఫోడైఎస్టరేజ్‌లు విరిచేస్తాయి, ఆయాసం మందు థియోఫిల్లిన్ అడ్డుకునే వాటిలో ఇవి ఉన్నాయి. జీటీపీ కోసే ఆ పని పాడైతే ఏమవుతుందో మీ జిల్లా పిల్లలకు ఉదాహరణ వెతకక్కర్లేదు. 2022లో కాశీపూర్ బ్లాక్‌లో ప్రబలిన కలరానే చూపించండి. కలరా విషం జీఎస్ ఆల్ఫాకు ఒక ఏడీపీ-రైబోజ్ అతికిస్తుంది, జీటీపీ కోసుకోవడం ఆగిపోతుంది. పేగు కణంలో సైక్లిక్ ఏఎంపీ తగ్గదు, క్లోరైడ్ చానెల్ మూసుకోదు, వెనకాలే నీరు పోతూనే ఉంటుంది. అక్కడ హార్మోనూ లేదు, హార్మోన్ రిసెప్టర్ ప్రమేయమూ లేదు, సంకేతం మాత్రం ఆగదు. గ్లూకోజ్‌తో కలిపి సోడియాన్ని లోపలికి లాగే దారి వేరు కాబట్టి అది చెడదు, ఓఆర్ఎస్ పనిచేసేది దాని ద్వారానే.

రుషికుల్య, బరంపురం

బుడెసొనైడ్ పొర మీద ఆగదు. కొవ్వులో కరిగే అణువు కాబట్టి పొరను దాటి లోపలికి వెళ్లిపోతుంది. దాని రిసెప్టర్ సైటోప్లాజంలో ఉంటుంది. పొర మీద గీసినవాళ్లకు మార్కు కోయండి.

గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ఆల్ఫా రూపం 777 అమైనో ఆమ్లాలు. బోర్డు మీద అడ్డంగా ఒక పట్టీ గీసి మూడు ముక్కలు చేయించండి. ఎడమవైపు దాదాపు 420 అమైనో ఆమ్లాలు నిలకడైన ఆకారం లేని భాగం, జన్యువును నడిపించే సహాయక ప్రోటీన్లు పట్టుకునేందుకు. మధ్యలో డీఎన్ఏని పట్టే భాగం, 65 లేదా 66 అమైనో ఆమ్లాలే, అందులో రెండు జింక్ వేళ్లు. ఒక్కో జింక్‌ను నాలుగేసి సిస్టీన్లు పట్టుకుంటాయి. ఆ తర్వాత చిన్న కీలు, కుడివైపున మందు కూర్చునే భాగం. ఆ భాగంలో పన్నెండో హెలిక్స్ మీద దృష్టి పెట్టించండి. సరైన మందు కూర్చుంటే అది గుంట మీదికి మడుచుకుంటుంది, సహాయక ప్రోటీన్లకు పట్టు దొరుకుతుంది. రిసెప్టర్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్ లాంటి మందు కూర్చుంటే ఆ మడత సరిగా పడదు, గుంట నిండినా జన్యువు సరిగా పలకదు.

మందు లేనప్పుడు హెచ్ఎస్‌పీ-90, పీ-23 లాంటి ప్రోటీన్లు రిసెప్టర్‌ను పట్టుకుని ఉంటాయి. చాలామంది దీన్ని తాళం అనుకుంటారు. నిజానికి హెచ్ఎస్‌పీ-90 లేకపోతే గుంట మందును పట్టే ఆకారంలోనే నిలవదు. మందు ఎక్కాక ఆ గుంపులోని ఎఫ్‌కేబీపీ-51 ప్రోటీన్ పోయి ఎఫ్‌కేబీపీ-52 వస్తుంది, కణంలో సరుకు మోసే డైనీన్ ప్రోటీన్ సాయంతో కేంద్రకం వైపు ప్రయాణం. అరగంటలో చాలావరకు లోపలికి చేరిపోతుంది. అక్కడ ఇద్దరు జతగా డీఎన్ఏ మీద 15 అక్షరాల వరుసను పట్టుకుంటారు: ఆరు అక్షరాలు, మధ్యలో ఏవైనా మూడు, మళ్లీ ఆరు, రెండో సగం మొదటిదాని తిరుగుబొమ్మ.

ఆలస్యం మొదలయ్యేది ఇక్కడే. జన్యువు నకలు ఎంఆర్ఎన్ఏ పుట్టాలి, ప్రోటీన్ తయారవ్వాలి, ఉన్న పాత ప్రోటీన్లు కాలం తీరి పోవాలి, వాపు తెచ్చిన కణాలు తగ్గాలి. ఉబ్బసం ముదిరినప్పుడు స్టిరాయిడ్ సిరలో ఇచ్చినా మెరుగు కనిపించడానికి కనీసం నాలుగు గంటలు పడుతుంది. అందుకే అత్యవసరంలో దాన్ని మొదటి గంటలోనే ఇవ్వమంటారు, "ముందు నెబ్యులైజర్ చూద్దాం, తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అని ఆగరు.

జన్యువులను లేపడం ఒక్కటే దీని పని అనుకోకండి. ఎన్ఎఫ్-కాపా-బీ, ఏపీ-1 అనే ప్రోటీన్లు లేపిన వాపు జన్యువుల దగ్గరికి వెళ్లి డీఎన్ఏ చుట్టను బిగించే హిస్టోన్ డీఎసిటైలేజ్-2 ఎంజైమ్‌ను పిలిచి వాటిని మూయిస్తుంది కూడా. ఉబ్బసంలో ఎక్కువ మేలు ఈ మూయింపు వల్లే.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. స్టిరాయిడ్ రిసెప్టర్ పట్టుకునే జన్యువుల్లో బీటా-2 రిసెప్టర్ జన్యువు ఒకటి. బుడెసొనైడ్ వాడేకొద్దీ కణం కొత్త బీటా-2 రిసెప్టర్లు తయారు చేసి పొర మీదికి పంపుతుంది.

ప్రాణహిత, సిరొంచ

పంపు పనిచేయకపోవడం గురించి ఒక మాట. "ఎక్కువ వాడితే రిసెప్టర్లు పోతాయి" అని ఒక్క ముక్కలో చెబితే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. అందులో వేర్వేరు వేగాలతో జరిగే మూడు పనులున్నాయి.

క్షణాల నుంచి నిమిషాల్లో జరిగేది: మందు కూర్చున్న రిసెప్టర్ తోకకు జీఆర్‌కే అనే కైనేజ్ ఫాస్ఫేట్లు అతికిస్తుంది. దాన్ని పొర దగ్గరికి పిలిచేది మహేంద్రగిరి గారు చెప్పిన ఆ బీటా-గామా జంటే. ఆ ఫాస్ఫేట్ల మీదికి బీటా-అరెస్టిన్ అనే ప్రోటీన్ ఎక్కి జీఎస్‌కు దారి మూసేస్తుంది. ప్రోటీన్ కైనేజ్-ఏ కూడా ఫాస్ఫేట్లు అతికిస్తుంది కానీ అది మందు ఉన్నదా లేదా చూడదు, ఖాళీ రిసెప్టర్లనూ మొద్దుబారుస్తుంది. తర్వాత నిమిషాల్లో క్లాత్రిన్ ప్రోటీన్ తొడిగిన పొర గుంటల ద్వారా రిసెప్టర్ లోపలికి పోతుంది. అక్కడ ఫాస్ఫేట్లు ఊడితే మళ్లీ పైకి వస్తుంది, ఇంతవరకు నష్టం లేదు. గంటలు, రోజులు మందు వదలకుండా తగిలితేనే విరగ్గొట్టమనే గుర్తులాంటి యుబిక్విటిన్ అతికి, కణంలోని జీర్ణసంచి లైసోజోమ్‌లో విరిగిపోతుంది. నిజమైన కొరత అదే. స్టిరాయిడ్ పూడ్చేది దాన్నే.

ఇంకో విషయం. శ్వాసనాళపు కండరంలో బీటా-2 రిసెప్టర్లు అవసరానికి మించి ఉంటాయి. అందువల్ల కొన్ని పోయినా నాళం తెరుచుకోవడం పెద్దగా తగ్గదు. ముందుగా తగ్గేది చలిగాలి, దుమ్ము, వ్యాయామం రేపే బిగువు నుంచి కాపాడే గుణం. అలర్జీ రసాయనాలు వదిలే మాస్ట్ కణాల్లో ఈ రిసెప్టర్ల నిల్వ తక్కువ, అవి తొందరగా మొద్దుబారతాయి. కాబట్టి ఎవరైనా "పంపు పనిచేయడం లేదు" అంటే రిసెప్టర్‌ను అనుమానించడం ఆఖరున. ముందు డబ్బాలో మందు ఉందో లేదో, ఊపి కొడుతున్నారో లేదో, పూర్తిగా ఊపిరి వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలైనప్పుడే నొక్కి, పది సెకన్లు బిగబడుతున్నారో లేదో చూడండి. చాలామందికి స్పేసర్ (పంపుకు తగిలించే గొట్టం) ఒక్కటి ఇస్తే సగం సమస్య తీరుతుంది. కఫం, వాపుతో నాళం పూడిపోతే కండరం ఎంత సడలినా గాలి ఆడదు. దానికి కావలసింది ఇంకో నాలుగు పఫ్‌ల సాల్బుటమాల్ కాదు, స్టిరాయిడ్.

తెగింది ఏ మెట్టు దగ్గరో పట్టే పద్ధతి ల్యాబ్ ఉంటే చూపించవచ్చు. ఒక గిన్నెలో కణాలకు బీటా రిసెప్టర్‌ను లేపే ఐసోప్రినలిన్ 1 మైక్రోమోలార్, ఇంకో గిన్నెలో ఫోర్స్‌కోలిన్ 10 మైక్రోమోలార్. రెండిట్లోనూ ముందే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను ఆపే ఐబీఎంఎక్స్ 0.5 మిల్లీమోలార్ వేయాలి, లేకపోతే పుట్టిన సైక్లిక్ ఏఎంపీ కొలిచేలోపే విరిగిపోతుంది. ఫోర్స్‌కోలిన్ మన దేశపు కోలియస్ వేరు నుంచి తీసింది, రిసెప్టర్‌తో పని లేకుండా సైక్లేజ్‌నే లేపుతుంది. ఫోర్స్‌కోలిన్‌కు సైక్లిక్ ఏఎంపీ బాగా పెరిగి ఐసోప్రినలిన్‌కు పెరగకపోతే చెడింది రిసెప్టర్ లేదా జీఎస్. రెండిటికీ పెరగకపోతే సైక్లేజ్‌నో మీ కొలతనో చూసుకోండి. ఐసోప్రినలిన్ కాటెకాల్, గాలికి గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు తిరిగిన ద్రావణంతో చేసి "రిసెప్టర్ లేదు" అని రాసేస్తుంటారు. అప్పటికప్పుడు కలిపి, కొంచెం ఆస్కార్బిక్ ఆమ్లం వేస్తే ఆ గొడవ ఉండదు.

నాగావళి, రాయగడ

ముగ్గురికీ ధన్యవాదాలండీ. మరొక్కటి. స్టిరాయిడ్ బిళ్లలు వాడినవాళ్లకు షుగర్ పెరుగుతుంది కదా, అది ఇన్సులిన్ రిసెప్టర్ చెడడం వల్లేనా? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

రుషికుల్య, బరంపురం

రిసెప్టర్ మామూలుగానే ఉంటుంది, చెడేది దాని కింది మెట్లు. ఇన్సులిన్ రిసెప్టర్ మూడో జాతి. బయట రెండు ఆల్ఫాలు, పొరను దాటే రెండు బీటాలు, అన్నీ డైసల్ఫైడ్ బంధాలతో ముందే జతపడి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చాక విడివిడి రిసెప్టర్లు జత కడతాయని గీస్తే తప్పు, అది కణాల పెరుగుదలను ప్రేరేపించే ఈజీఎఫ్ ప్రోటీన్ రిసెప్టర్ పద్ధతి. ఇన్సులిన్ తగిలితే ఒక బీటా ఇంకో బీటా మీది టైరోసీన్లకు ఫాస్ఫేట్ అతికిస్తుంది. అక్కడికి ఐఆర్ఎస్ అనే ప్రోటీన్ చేరుతుంది, దాని నుంచి సంకేతం వరుసగా పీఐ3-కైనేజ్, పిప్-3, ఏకేటీలకు అందుతుంది. చివరికి గ్లూకోజ్‌ను లోపలికి చేర్చే గ్లట్-4 ఉన్న సంచులు కండర కణం పొర మీదికి వస్తాయి. స్టిరాయిడ్ ఐఆర్ఎస్ నుంచి కిందికి ఈ వరుసను నీరసపరుస్తుంది. అదే సమయంలో కాలేయంలో పెప్‌సీకే, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ జన్యువులను లేపి గ్లూకోజ్ తయారీ పెంచుతుంది. పొద్దున ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయిస్తే మామూలుగా కనిపించి మోసపోతాం, మధ్యాహ్న భోజనం తర్వాతి పరీక్ష చేయించాలి.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

రుషికుల్య గారు బిళ్లల దాకా వచ్చారు కాబట్టి ఇది కూడా క్లాసులో చెప్పండి. సంతల్లో, చిన్న దుకాణాల్లో ఆయాసానికీ కీళ్ల నొప్పులకీ చీటీ లేకుండా డెక్సామెథసోన్, బీటామెథసోన్ బిళ్లలు ఇస్తుంటారు. ఇదే రిసెప్టర్ హైపోథాలమస్‌లో, పిట్యూటరీలో కూడా ఉంది. అక్కడ అడ్రినల్ గ్రంథిని పనిచేయించే సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్ హార్మోన్ల జన్యువులను మూసేస్తుంది. మూడు వారాలు దాటి వాడితే అడ్రినల్ గ్రంథి పని మానేసి కుంచించుకుపోవచ్చు. పిల్లలు రేపు దుకాణంలో కూర్చున్నప్పుడు అలాంటి మనిషి వచ్చి "బిళ్లలు అయిపోయాయి, ఇక మానేస్తాను" అంటే ఒక్కసారిగా మానవద్దని, డాక్టరు చేత మోతాదు మెట్టు మెట్టుగా తగ్గించుకోవాలని చెప్పాలి. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పంపాలి. పంపులోని బుడెసొనైడ్ మామూలు మోతాదులో ఈ భయం తక్కువ, మింగిన భాగాన్ని కాలేయం మొదటి దాటులోనే చాలావరకు పాడుచేస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మమనడం మాత్రం మరవద్దు, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.