అప్‌డేట్: ఆంధ్రా రైస్ కార్డు మీద బెంగళూరులో బియ్యం దొరికాయి

ఇంతకుముందు ఇక్కడ నేనడిగింది: అనంతపురం జిల్లా కార్డు, బేల్దారి పనికి బెంగళూరు వచ్చిన కుటుంబం. ఇక్కడి డీలర్ "మీ రాష్ట్రం కార్డు చెల్లదు" అని పంపేశాడు, నిజంగానే చెల్లదా అని. చెల్లుతుందండీ, నిన్న బియ్యం చేతికొచ్చాయి.

ముందు కార్డు ఏ కోటాలో ఉందో చూసుకోండి. ఆంధ్రాలో కొన్ని రైస్ కార్డులు 2013 జాతీయ ఆహార భద్రత చట్టం కిందివి, కొన్ని రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చేవి. రెండో రకం రాష్ట్రం దాటదు. డీలర్‌తో ఎంత వాదించినా లాభం లేదు. మీ కార్డు ఏ రకమో 14445కి (వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునేవాళ్ల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి అడగొచ్చు.

అసలు తంటా వేలిముద్రతో. సిమెంటుకు ఇంటాయన వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ మూడుసార్లూ తిప్పికొట్టింది. కార్డులో పేరుండి, ఆధార్ లింకైన ఎవరు వేలు పెట్టినా చాలు. భార్య పెట్టగానే తీసుకుంది.

మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, ఉచితం. కర్ణాటక తన కార్డులకు అదనంగా ఇచ్చేది మనకు రాదు. ఊళ్లో పెద్దవాళ్లు ఆ నెల కొంత తీసుకుని ఉంటే మిగిలిందే ఇక్కడ.

మళ్లీ కాదంటే తేదీ, షాపు నంబరు, మిషన్‌లో కనిపించిన మెసేజ్ రాసుకుని జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి కాగితం మీద ఇవ్వండి. చట్టంలో 15వ సెక్షన్ అందుకే ఉంది.