ఏలియన్లు మంచివాళ్ళే అనుకుందాం, అయినా మనకు క్షేమమేనా?

చుక్కల_లెక్క:

2025లో సౌరకుటుంబం బయటినుంచి 3ఐ అట్లాస్ అనే తోకచుక్క వచ్చిపోయింది, గుర్తుందా? డిసెంబరు 19న భూమికి బాగా దగ్గరగా వచ్చిందన్న రోజున కూడా మధ్యలో 27 కోట్ల కిలోమీటర్లు ఉన్నాయి. మా ఫ్యామిలీ గ్రూపులో మాత్రం అది ఏలియన్ల ఓడే. ఎర్ర బాణం గుర్తు, నోరు వెళ్ళబెట్టిన మొహం ఉన్న వీడియో ఒకటి పెట్టి "నువ్వు చదువుకున్నావు కదరా, ఇది నిజమేనా?" అని మా చిన్నత్త అడిగింది. కాదత్తా, ఉత్త తోకచుక్క అన్నాను. "సరే, నిజంగా వస్తే మంచోళ్ళా, చెడ్డోళ్ళా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

పెద్దపెద్ద శాస్త్రవేత్తలే రెండుగా చీలిపోయారు. వాళ్ళు వస్తే కొలంబస్ అమెరికాలో దిగినట్టే ఉంటుందని, అక్కడివాళ్ళకు ఆ రాక కలిసిరాలేదని స్టీఫెన్ హాకింగ్ 2010లో అన్నాడు. కార్ల్ సాగన్ ధోరణి వేరు. అణుబాంబులతో తమను తాము తగలబెట్టుకోకుండా లక్షల ఏళ్ళు బతికి బట్టకట్టిన జాతి శాంతంగానే ఉంటుందన్న ఆశ అది.

నేను హాకింగ్ వైపు. కొలంబస్ దాకా పోనక్కర్లేదు, 1611లో మచిలీపట్నం రేవులో దిగిన ఇంగ్లీషువాళ్ళను తలుచుకుంటే చాలు.

ఫిజిక్స్_మాస్టారు:

"వస్తే" అన్నారు చూడండి, అక్కడే ఆగండి. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నాసా పంపిన వాయేజర్-1 వ్యోమనౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి విజయవాడకు పావు నిమిషం. అదే వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే దాదాపు 75 వేల ఏళ్ళు పడుతుంది.

అంత ఖర్చు పెట్టుకుని వచ్చేవాడికి మన దగ్గర ఏం కావాలి? నీళ్ళా? గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపాలో, మంచు పొర కింద, మన సముద్రాలన్నిటికీ రెట్టింపు నీళ్ళు ఉన్నాయని అంచనా. ఇనుము, నికెల్ అంటారా, గ్రహశకలాల్లో కావలసినంత. వాటిని వదిలేసి భూమి గురుత్వాకర్షణలోకి దిగి, మోసుకుని మళ్ళీ పైకెక్కడమంటే గుమ్మం ముందు కొళాయి పెట్టుకుని పాతాళబావిలో చేద వేసినట్టే. పోనీ మనల్ని తింటారా? వాళ్ళ ఒంటి రసాయనమే వేరైతే మనం వాళ్ళకు అరగం కూడా.

మచిలీపట్నం వచ్చినవాళ్ళకు ఇక్కడి బట్ట కావాలి. అది వాళ్ళ ఊళ్ళో దొరకదు. తేడా అదే.

బందరు_లడ్డు:

మా ఊరి పేరు ఎత్తారు కాబట్టి నోరు విప్పాల్సి వచ్చింది.

1611లో గ్లోబ్ అనే ఓడ మీద దిగినవాళ్ళు సైన్యంతో రాలేదండీ. అప్పుడు ఇక్కడ గోల్కొండ సుల్తానుల ఏలుబడి. వీళ్ళు స్థానిక అధికారుల చుట్టూ తిరిగి, సుంకాల దగ్గర బేరాలాడి, బట్ట కొనుక్కునే వర్తకులు. వీళ్ళకంటే ముందే డచ్చివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆ ఏడాది బందరు ఒడ్డున నిలబడి ఎవరైనా "వీళ్ళు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?" అని అడిగితే, "గీసి గీసి బేరమాడతారు, అంతే" అని చెప్పేవాళ్ళు. అబద్ధం కూడా కాదు. ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా ప్రాంతం, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది 1766లో. నూట యాభై అయిదేళ్ళు పట్టింది. దిగిన తరానికి, రాజ్యమేలిన తరానికి మధ్య ఎంతమంది పుట్టి పోయారో.

ఇక సాగన్ గారి ఆశ సంగతి. ఇంట్లో కొట్టుకోనివాడు బయట కూడా కొట్టడని ఎవరు చెప్పారు? కంపెనీవాళ్ళకు స్వదేశంలో పార్లమెంటు ఉంది, కోర్టులు ఉన్నాయి. ఇంట్లో రామయ్య, వీధిలో కృష్ణయ్య.

కోడ్_కామేశం:

మాస్టారూ, మీ లెక్క మీకే అడ్డం తిరుగుతోంది. 75 వేల ఏళ్ళు వాయేజర్‌కి. నిజంగా రావాలనుకున్నవాడు కాంతి వేగంలో కనీసం పదో వంతుతో బయలుదేరతాడు. ఆ వేగంలో కిలో బరువు వస్తువు ఢీకొంటే లక్ష టన్నుల టీఎన్‌టీ పేలినంత శక్తి. హిరోషిమా బాంబుకు సుమారు ఏడు రెట్లు. కిలో అంటే ఎంత, పీచు తీయని చిన్న కొబ్బరికాయ!

అలాంటివాడికి వేరే ఆయుధం ఎందుకు? బ్రేకు వెయ్యకపోతే చాలు. వాడి మనసు మంచిదైనా, ఓడలోంచి ఊడిన బోల్టు మంచిది కాదు కదా.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:

కొబ్బరికాయ అన్నారు కాబట్టి మా దీవుల కొబ్బరికాయల కథ చెప్తాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తెలుగువాళ్ళం ఇక్కడ బాగానే ఉన్నాం. ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, నాకింకా నోరు తిరగడం లేదు.

మాకు పడమరన 50 కిలోమీటర్ల దూరంలో, బయటి ప్రపంచంతో కలవని సెంటినెలీస్ తెగ ఉండే నార్త్ సెంటినెల్ ద్వీపం ఉంది. 1880లో పోర్ట్‌మన్ అనే ఇంగ్లీషు అధికారి అక్కడ దిగి, ఒక ముసలి జంటను, నలుగురు పిల్లల్ని పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ తెచ్చాడు. చంపడానికి కాదు. మచ్చిక చేసి, మంచిగా చూసి, కానుకలిచ్చి పంపితే స్నేహం కుదురుతుందని అతని లెక్క. ఆరుగురూ జబ్బు పడ్డారు. ముసలివాళ్ళిద్దరూ చచ్చిపోయారు. పిల్లల్ని కానుకలతో సహా ఒడ్డున దింపి వచ్చారు. ఆ పిల్లలు వెంట ఏ జబ్బు తీసుకెళ్ళారో, ఇంట్లో ఏం చెప్పారో ఎవరికీ తెలియదు.

ఇంకోవైపు గ్రేట్ అండమానీలు అనే తెగ. 1858లో ఖైదీల స్థావరం పెట్టిన నాటికి వాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళను బాగు చేద్దామని బ్రిటిష్‌వాళ్ళు అండమాన్ హోమ్స్ పేరుతో ఇళ్ళు పెట్టి తిండీ బట్టా ఇచ్చారు. ఆ ఇళ్ళ దగ్గరే తట్టు, సుఖవ్యాధులు పాకాయి. ఇవాళ మిగిలింది యాభై మంది చిల్లర. తుపాకులకు పోయినవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ ఎక్కువమంది పోయింది పలకరింపుకి.

చాలాకాలం తర్వాత, 1991లో, టి.ఎన్. పండిట్, మధుమాల ఛటోపాధ్యాయ లాంటి మానవశాస్త్రవేత్తలు సెంటినెల్ దగ్గర కొబ్బరికాయలు నీళ్ళలో వదిలితే వాళ్ళు నడుంలోతు దిగి వచ్చి అందుకున్నారు. ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. కొన్నేళ్ళకు ప్రభుత్వమే ఆ కానుకల ప్రయాణాలు ఆపేసింది. ఎందుకంటే స్నేహం కుదిరితేనే అసలు ప్రమాదం మొదలవుతుంది.

వాళ్ళకు మనం ఏలియన్లం. అదీ, మనం మంచివాళ్ళమే అనుకునే ఏలియన్లం.

ఫిజిక్స్_మాస్టారు:

బాగా రాశారు, కానీ ఒక్క మెలిక. అండమానీలూ మనమూ ఒకే జాతి. అందుకే మన జబ్బు వాళ్ళకు అంటింది. మిరపతోటకు పట్టే వైరస్సే రైతుకు అంటదు. వేరే గ్రహం సూక్ష్మజీవికి మన ఒళ్ళు ఎక్కడ అర్థమవుతుంది?

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:

ఒప్పుకుంటున్నా మాస్టారూ. కానీ జబ్బంటే క్రిమే కానక్కర్లేదు. ఇక్కడే జరావాలని ఇంకో తెగ ఉంది, వాళ్ళ అడవిలోంచి అండమాన్ ట్రంక్ రోడ్డు వేశాక వాళ్ళకు పొగాకు, సారా, బిస్కెట్ ప్యాకెట్లు అలవాటయ్యాయి. బస్సు కిటికీలోంచి బిస్కెట్ విసిరినవాడికి చెడ్డ ఉద్దేశం ఏముంది?

తెల్లారుజాము_రైలు:

అయితే మనల్ని కూడా ఎవరో దూరం నుంచి చూస్తూ "దగ్గరికి పోకండి" అని బోర్డు పెట్టి ఉంటారా? జూ సిద్ధాంతం అంటారు దీన్ని, 1973లో జాన్ బాల్ రాశాడు. ఆకాశం ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందన్నదానికి నాకు నచ్చిన జవాబు అదొక్కటే. రుజువు మాత్రం అడగొద్దు.

చుక్కల_లెక్క:

నేను మొదట హాకింగ్ వైపు అన్నాను. ఇప్పుడు కొంచెం జరుగుతున్నా. ఒక చిన్న విషయం చెప్తాను.

మేం ఇల్లు కట్టుకున్న స్థలంలో ఈశాన్యం మూల నడుమెత్తు పుట్ట ఉండేది. నాగులచవితికి చిన్నత్త పసుపు కుంకుమ చల్లి, చిమ్మిలి పెట్టి, రెండు గ్లాసుల పాలు కన్నంలో పోసింది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. పాలు ఇంకినచోట మట్టి మెత్తబడి ఒక గోడ లోపలికి కూలింది. తెల్లటి చెదపురుగులు బిలబిలమంటూ బయటికొచ్చాయి. కొన్ని పాలలోనే ఆగిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు, హారతి అయిపోయింది. పది రోజుల తర్వాత పునాదికి జేసీబీ వచ్చింది. పుట్ట మొత్తం ఒక్క తొట్టెడు మట్టి.

ఆ చెదపురుగుల మీద జేసీబీ డ్రైవరుకు పగ లేదు. చిన్నత్తకైతే భక్తే. వాటికి ఈ ఇద్దరిలో మిత్రుడెవరు, శత్రువెవరు?

కోడ్_కామేశం:

పుట్ట కథ బాగుంది. కానీ ఈ పోలికతో మనం చేయగలిగింది ఏమీ లేదని తేలుతోంది, అదే నాకు మింగుడు పడటం లేదు. చెదపురుగులు జేసీబీని పిలవలేదు. మనం పిలుస్తున్నాం! 1974 నవంబరులో అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి ఎం13 నక్షత్రగుచ్ఛం వైపు 1,679 బిట్ల సందేశం పంపాక బ్రిటన్ ఆస్థాన ఖగోళవేత్త మార్టిన్ రైల్ ఇది ప్రమాదమని మొత్తుకున్నాడు. అది పోయేది 25 వేల కాంతి సంవత్సరాల దూరం, సరే పోనీ అనుకుందాం. 2008లో ఒక సోషల్ నెట్‌వర్క్ కంపెనీ జనం దగ్గర 501 సందేశాలు ఏరి గ్లీజ్ 581 అనే నక్షత్రం వైపు పంపించింది. అవి 2029లో చేరతాయి. అదే ఏడాది ఓ చిప్స్ కంపెనీ తన ప్రకటనను సప్తర్షి మండలంలోని ఒక నక్షత్రానికి ప్రసారం చేసింది. చిప్స్ ప్రకటన! మానవజాతి తరఫున! దారిన పోయే కంపను తగిలించుకోవడమంటే ఇదే.

ఫిజిక్స్_మాస్టారు:

దాక్కుందామంటే వీలు ఎప్పుడో దాటిపోయింది కామేశం గారూ. మన గాలిలో ఆక్సిజన్ చేరి రెండు వందల కోట్ల ఏళ్ళు పైమాటే. దూరాన కూర్చుని భూమి మీదుగా వచ్చే వెలుగును విడగొట్టి చూడగలిగినవాడికి, ఇక్కడ ఏదో బతుకుతోందని డైనోసార్ల కంటే ముందే తెలిసి ఉండాలి. రేడియో కనిపెట్టింది నిన్నగాక మొన్న. కొంప కొల్లేరు చెయ్యాలనుకుంటే ఇంతకాలం ఆగుతారా?

బందరు_లడ్డు:

ఊళ్ళో దీపం వెలుగుతోందని తెలియడం వేరు, నడివీధిలో నిలబడి మా ఇంట్లో ఫలానా ఉంది రండి అని అరవడం వేరు మాస్టారూ. గడ్డి మొలిచిన గ్రహాలు ఎన్నో ఉండొచ్చు. అరిచే గ్రహం ఎక్కడ ఉందన్నదే వాళ్ళు వెతికేది.

తెల్లారుజాము_రైలు:

అరిస్తే అరిచారు, ఎవరిని అడిగి అరిచారు? ఏదైనా సంకేతం అందితే అంతర్జాతీయంగా సంప్రదించుకోకుండా జవాబివ్వకూడదని 1989లో శాస్త్రవేత్తల సంఘాలు ఒక ఒప్పంద పత్రం రాసుకున్నాయి. అది చట్టం కాదు. పైగా అది జవాబు గురించి. అడక్కుండా ముందే పలకరించేవాడిని ఆపేది ఏమీ లేదు.

అన్నట్టు 1977లో వాయేజర్ ఓడల మీద పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులు ఉన్నాయి, అందులో మన తెలుగూ ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్తారు అందులో. నన్నెవరూ అడగలేదు గానీ, నాకు అభ్యంతరం కూడా లేదు.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:

పొద్దున్నుంచీ అందరం "వాళ్ళు" అంటున్నాం, వాళ్ళంతా ఒకే మనిషన్నట్టు. 1991 నాటి మాటే ఇంకొకటి. మధుమాల గారు చెప్పిన ప్రకారం, కొబ్బరికాయలు అందుకుంటున్న సమయంలోనే ఒడ్డున ఒక కుర్రాడు పడవ మీదికి విల్లు ఎక్కుపెట్టాడు. పక్కనున్న ఆడమనిషి అతన్ని నెట్టింది. బాణం నీళ్ళలో పడింది.

సెంటినెలీస్ స్నేహితులా, ప్రమాదకరమా అని ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళను అడగండి.

చుక్కల_లెక్క:

థ్రెడ్ మొత్తం చిన్నత్తకు ఫోన్లో చదివి వినిపించాను. కంపెనీవాళ్ళ దగ్గర ఊఁ కొట్టింది. చిప్స్ దగ్గర నవ్వింది. అండమాన్ ముసలివాళ్ళ దగ్గర "అయ్యో" అంది. పుట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆపేసింది.

"చెదపురుగులకు ఎవరు పోశార్రా పాలు? అవి నాగేంద్రుడికి."